పడవ తోక పట్టుకున్న చెయ్యి

ఆదివారం మధ్యాహ్నం. టిస్సా నది ఒడ్డున మా పడవల క్లబ్బు వాకిట్లో చేపల పులుసు ఉడుకుతోంది. బల్లల మీద కొత్త కెనూ పడవ బోర్లించి ఉంది. సెక్రటరీ డెజో తెల్లరంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. కొత్త పడవకి మాలో ఒకరి పేరు రాశాకే పులుసు వడ్డించాలని ఇక్కడి ఆనవాయితీ. ఆ పేరు తనదే కావాలని వెండెల్ బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కావాలంటే పెట్టించుకోమనండి, మా కడుపులు మాడ్చడం దేనికి?

"బ్రష్షు ఆరనివ్వకు డెజో," అన్నాడు బాబాయ్. "నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీకు తెలుసు. ఆరేళ్ళప్పుడు మా అమ్మ బట్టలుతికే తొట్టెలో కూర్చుని, గరిటెతో ఈ టిస్సా దాటాను. అంతే. అదేమంత పెద్ద విషయం?"

"పోయినసారి ఎనిమిదేళ్ళన్నావు," అన్నాడు డెజో.

"ఎనిమిదేళ్ళకి తిరిగొచ్చాను! చెప్పనిస్తావా? ఇదిగో, ఈ మోకాలు చూడండి. కయాక్ వాళ్ళలా కుర్చీ వేసుకుని రెండు పక్కలా తెడ్డాడించే సుఖం మనకుందా? ఒంటిమోకాలి మీద నిలబడి, ఒకే పక్క వెయ్యాలి. ముప్పై ఏళ్ళు వేశాను. దీని మీద అక్రోట్లు పగలగొట్టొచ్చు. క్రిస్మస్‌కి మా వీధంతా అక్రోట్ల సంచులతో మా ఇంటిముందు క్యూ కడతారు, తెలుసా?"

"బాబాయ్, పులుసు..." అని గుర్తుచేశాను.

"ఆగరా! అసలు కథ జాతీయ పోటీలప్పటిది. టిస్సా పాత పాయలో వెయ్యి మీటర్లు, తొమ్మిది పడవలు. మొదలుపెట్టే చోట చెక్క వంతెన మీద ఒకరు బోర్లా పడుకుని పడవ తోక పట్టుకుంటారు, తుపాకీ పేలగానే వదిలెయ్యాలి. ఇంతకన్నా తేలిక పని లోకంలో ఉందా? నా తోక పట్టుకున్నదెవరు? ఇదిగో, ఈ బొరిష్కా! తుపాకీ పేలింది. వదిలిందా? వదల్లేదు! నా ఖర్మ!"

బొరిష్కా పులుసు దగ్గరుంది. చేపల పులుసులో గరిటె పెడితే ముక్కలు చితికిపోతాయి కాబట్టి బానకున్న కమ్మీ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. ఈ నింద ఆమె ఏటా పడుతూనే ఉంది.

"ఆమె వదల్లేదు, నేను ఆగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ వెనక బొరిష్కా, బొరిష్కా వెనక వంతెన, వంతెన మీద ముగ్గురు జడ్జీలు, అందరూ కదిలొచ్చేశారు! సగం దూరం వెళ్ళేసరికి నా తెడ్డు దెబ్బకి నీళ్ళు ఎగిరి పక్కనున్న మిరప చేలల్లో పడ్డాయి. ఆ ఏడు మిరప అంత ఎర్రగా ఎందుకు కాసిందనుకున్నారు? గీత దాటాను. ఆగుదామంటే పడవ ఆగితేగా!"

"ఆ పాయ అక్కడితో మూసుకుపోతుంది కదా, ఎటు పోయావు?" అన్నాను నేను, ఆకలి మీద.

"గట్టు దున్నుకుంటూ పోయాను! అటు టిస్సాలో పడి, అక్కణ్ణుంచి డాన్యూబ్‌లో పడి, బెల్‌గ్రేడ్ వరకూ! సరిహద్దు పోలీసు పాస్‌పోర్ట్ అంటాడు, నా లంగోటీకి జేబుందా? జడ్జీలు హామీ ఉంటే వదిలాడు. తిరిగొచ్చేసరికి మెడళ్ళు పంచేశారు. ఈ బొరిష్కా వదిలుంటే నా మెడలో బంగారం ఉండేది. ఇదిగో, ఇలా వేశాను తెడ్డు..."

చూస్తుండగానే పక్కనున్న గరిటె లాక్కుని, పులుసు బానలో ముంచి, మూడు తెడ్లు వేశాడు. మేమంతా గావుకేక పెట్టాం. ఉదయం నుంచి విరక్కుండా కాపాడిన చేపముక్కలన్నీ చితికిపోయాయి.

బొరిష్కా అతని చేతిలోంచి గరిటె తీసుకుంది.

"ముప్పై తొమ్మిదేళ్ళు ఊరుకున్నాను వెండెల్. ఆ పిల్ల వల్లే మెడల్ పోయిందని ఊరంతా అంటే పడ్డాను. ఆ రోజు తుపాకీ పేలగానే వదలబోయాను. నువ్వేమన్నావో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"బొరిష్కా, పులుసు మాడుతోందేమో..."

"'వదలకు బొరిష్కా, పడిపోతాను' అన్నావు. నీ పడవంతా వణుకుతోంది. నేను వదల్లేదు. మిగతా ఎనిమిది మందీ గీత దాటేదాకా పట్టుకునే ఉన్నాను. మనం అక్కణ్ణుంచి జానెడు కదల్లేదు."

డెజో బ్రష్షు నుంచి రంగు గడ్డి మీద కారుతోంది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా కిందికి లాక్కున్నాడు, మోకాలు తడుముకున్నాడు. కథ ఆగిపోవడం మేమెప్పుడూ చూడలేదు.

"చూస్తావేం డెజో?" అని చివరికి కసిరాడు. "బొరిష్కా అని రాయి. తొందరగా రాసి చావు, అందరికీ ఆకలి."

డెజో రాశాడు. బొరిష్కా మొదటి గిన్నె నింపి బాబాయ్ ముందుకు చాపింది.

"నువ్వు చితగ్గొట్టిన ముక్కలు నువ్వే తిను."

అందుకున్నాడు. గిన్నె ఊగి పులుసు అంచుదాకా వచ్చింది. అతను బల్ల మీద కూర్చునేదాకా ఆమె గిన్నె వదల్లేదు.