ఆర్థర్ అంకుల్ పేగులల్ల నా ప్రేమ

కాచిందా? పొయ్యి మీద పెట్టి కాచిందా గ్రేసీ ఆంటీ? నేను తెచ్చిన పెరుగు, రోజూనా? అయ్యో అంకుల్, జెర ఆగుండ్రి, నన్ను కూసోనియ్యుండ్రి.

చల్లటిది తింటే మీకు దగ్గొస్తదని మజ్జిగపులుసు చేస్తున్నదా? సరే, దగ్గు మంచిది కాదు, ఒప్పుకుంటా. గానీ అది మామూలు పెరుగు కాదని ఎన్నిసార్లు చెప్పిన! దాంట్ల ప్రాణాలున్నయి అంకుల్. మంచి బ్యాక్టీరియా. కుతకుత ఉడికిస్తే బతుకుతయా అవి?

నవ్వకుండ్రి. మీరు రైల్వేల గార్డు చేసిన మనిషి. పచ్చజెండా ఊపినంక బండి కదలకపోతే మీ పానం ఎట్లుంటుండె? గట్లున్నది నాకు.

అసలు షురూ చేసింది మీరే కద. "షాలేమ్, నా కొలెస్ట్రాల్ దిగనీ, అప్పుడు మా బిడ్డ ఫెయిత్ పెండ్లి మాట మాట్లాడుదాం" అన్నరు. ఇంకొకడైతే, వద్దనడానికే గట్లన్నరని అర్థం చేసుకొని పోతుండె. నేనేం జేసిన? కార్ఖానా ఏరియాల ఉన్న మా సెల్‌ఫోన్ల దుకాణంల కూసోని వీడియోలు చూసిన. ఆ బ్యాక్టీరియా పేగులల్లకు పోయి పైత్యరసాన్ని విడగొడ్తయట, అది బయటికి పోతదట. కొత్తది చేసుకోనీకి కాలేయం రక్తంలకెళ్లి కొలెస్ట్రాల్ గుంజుకుంటదట. ఎంత సప్పుడు లేని సేవ అంకుల్! నా ప్రేమ సుత అసొంటిదే అనిపించి కండ్లల్ల నీళ్లొచ్చినయి.

కొందరికే తగ్గొచ్చు, అది సుత కొంచెమే అని ఆఖర్ల చెప్పిండ్రట. ప్రేమించినోడు వీడియో ఆఖరిదాక వింటడా?

మందుల షాపుల ఆ బ్యాక్టీరియా క్యాప్సూల్ కొని, విప్పి, గోరువెచ్చటి పాలల్ల కలిపి తోడేసిన. గిన్నెకు నా స్వెటర్ చుట్టిన. మెట్టుగూడల ఒకరింట్ల పెట్టిన కాటేజ్ ప్రేయర్ల అందరి ముందు లేచి, "ప్రభువా, ఆర్థర్ అంకుల్ కడుపుల ఉన్నవాటిని కాపాడు, ఫలింపజెయ్యి" అని ప్రార్థన చేసిన. గ్రేసీ ఆంటీ బిత్తరపోయి మీ పొట్ట దిక్కు చూసింది, యాదికుందా?

ఇగో, రిపోర్టు మీ చేతిలనే ఉన్నది. దిగింది! దిగింది కద? మరి మీ మాట?

ఏందీ? డాక్టర్ టాబ్లెట్‌తోని దిగిందా? ఉడికిన పెరుగుకు పిల్లనియ్యరా? అట్లయితే డాక్టర్‌కిస్తరా? ఆయనకు మనుమలున్నరు అంకుల్!

పోనీ, ఫెయిత్‌నన్న పిలువుండ్రి. ఈ ఉడకపెట్టుడు సంగతి ఆమెకు తెల్వదు. తెలిస్తే ఊకుంటుండెనా...

ఆఁ? ఆ పులుసుకు పోపు పెట్టేది ఫెయితా?

రోజూ?

మంచిగున్నది. లేదు లేదు, ఏడుస్తలేను. కండ్లల్ల ఏదో పడ్డది.

ఇంకో ముచ్చట, ఆంటీకి చెప్పకుండ్రి. మీకు కొవ్వు పడదని తోడేసే ముందు మీగడంత తీసేటోన్ని. పారబోస్తే మా అమ్మ తిడ్తది. చక్కెరేసుకొని నేనే తిన్న. మొన్న మీకు రక్తం తీసేటప్పుడు పక్కన కూసున్న కద, ఊకెనే ఎందుకని నాది సుత పరీక్షకిచ్చిన.

మీది దిగింది. నాది మీ పాత నంబర్ దాటింది.

జెర ఆ డాక్టర్ పేరన్న చెప్పుండ్రి.