భూమిని లేటు చేసిన అంతయ్య

మా కాలనీకి నల్లా నీళ్లు వదిలేది అంతయ్య. ఆరింటికి రావాల్సిన నీళ్లు ఆ రోజు ఎనిమిదిన్నరైనా రాలేదు. అంతయ్య మాత్రం ఎల్బీనగర్‌లో పౌలు టీకొట్టు ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కర్రీ పాయింట్ నడిపే కిష్టమ్మ వెతుక్కుంటూ వచ్చి నిలదీసింది.

"ఏందన్నా, పదకొండింటికల్లా కూరలు దించాలె. బియ్యం కడగనీకి గూడ చుక్క లేదు. నీళ్లెందుకు ఇడువలే?"

ఆమె మొహం చూసి నాకే పాపమనిపించింది. కానీ తప్పు ఒప్పుకుంటే అంతయ్య ఎందుకవుతాడు? గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"అక్కా, నీళ్లు లేటు గాలే. భూమి లేటైంది. నవ్వకు. మొన్న పేపర్ల రాలేదా, భూమి ఓసారి జోరుగ, ఓసారి మెల్లగ తిరుగుతదని? ఎందుకో పేపరోళ్లకు తెల్వదు, నాకు తెల్సు. పోయినేడు మన కాలనీ వాల్వు రోజుకంటే అర చుట్టు ఎక్కువ తిప్పిన. ఎక్కువ చెప్తలేను, అర చుట్టే. సాగర్ల పండుకున్న కృష్ణ నీళ్లన్నీ ఉరికొచ్చి మన ఇండ్ల మీది ట్యాంకులల్ల ఎక్కి కూసున్నయి. బరువు పైకెక్కితే తిరిగేది మెల్లగైతది గదా! పోరగాండ్లు గిర్రగిర్ర తిరుక్కుంట చేతులు చాపితే నెమ్మదైతరు, సూడలే? భూమి గూడ గట్లనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మా ట్యాంకు పొర్లింది," అన్నాడు పౌలు.

"పొర్లుడు గాదు. దిల్‌సుఖ్‌నగర్ నడినెత్తి మీద పొద్దు ఆగింది! ఒక్క దినంల రెండు మధ్యాహ్నాలు. ఆ దినం నువ్వు రెండుసార్లు తినలేదా?"

"నేను రోజూ రెండుసార్లే తింట."

"విను ముందు. నాదర్‌గుల్ల విమానం నేర్చుకునే పిల్ల ఒకతి పైన చక్కర్లు కొడుతుంది. దిగుదామని సూస్తే కింద రన్‌వే లేదు! భూమి లేటు గదా, రన్‌వే ఇంకా మీర్‌పేట్ కాడనే ఉంది. పైకెల్లి నాకు ఫోను. 'అంకుల్, భూమిని జర జల్ది తోలుండ్రి, పెట్రోలు అయిపోతుంది' అని ఒకటే ఏడుపు. పరేషాన్ అయిన. హయత్‌నగర్ డిపోకు ఉరికిన. బస్సులన్నీ దిల్‌సుఖ్‌నగర్ మొఖాన పెట్టించి ఒక్క విజిల్ కొట్టిన. అన్నీ ఒకేసారి పడమటికి ఉరికినయి, టైర్లు భూమిని ఎనకకు తూర్పుకు తన్నినయి. ఆ తన్నుడుకు భూమి గిర్రున అందుకుంది! రన్‌వే ఒచ్చి విమానం కింద నిలబడ్డది. కానీ తన్నుడు జర ఎక్కువైంది. శుక్రారం సాయంత్రం రాకుంటనే శనారం తెల్లారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. అయినా చెప్పాడు.

"ఏడు దేశాల సైంటిస్టులు ఒచ్చిన్రు. ఒకడు చంద్రుడు గుంజుతుండంటడు, ఒకడు గాలంటడు, ఒకడు మంచు కరుగుతుందంటడు, ఇంకోడు భూమి కడుపుల ఉడికే ఇనుమంటడు. అన్నీ కూడిన్రు. ఇంకా జర తక్కువ పడ్డది. తలకాయలు పట్టుకొని కూసున్నరు. నేనన్న, 'సాబ్, గా తక్కువ పడ్డది నా అర చుట్టు.' లేచి దండం పెట్టిన్రు! అప్పటిసంది భూమి టైము నా డ్యూటీ. ఇయ్యాల పొద్దుగాల సూస్తే భూమి ఆయాసంగ తిరుగుతుంది. నీళ్లిడిస్తే ఆగిపోతదని ఇడువలే. నీ కూరల కంటే భూగోళం ముఖ్యం గదా అక్కా! నమ్మకుంటే పట్టాభి సారునడుగు."

పట్టాభి మాస్టారిది గుడివాడ. ఇక్కడే ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పక్క బెంచీ మీద చదువుతున్న పేపరు మడిచి కళ్లజోడు సర్దుకున్నారు.

"చంద్రుడు, గాలులు, మంచు, భూగర్భం, అన్నీ నిజమేనండీ. నీళ్లు ఎత్తుకి చేరితే భూమి నెమ్మదిస్తుందన్నదీ నిజమే."

అంతయ్య బెంచీ మీదే జానెడు పెరిగాడు. "విన్నవా అక్కా!"

"ఎంత నెమ్మదిస్తది సారూ?" అడిగింది కిష్టమ్మ.

"అన్నీ కలుపుకున్నా రోజుకి సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు మూడు వెయ్యో వంతులమ్మా."

కిష్టమ్మ అంతయ్య వైపు తిరిగింది. "సరే. ఆ వెయ్యో వంతు తప్పు భూమిదే, ఒప్పుకుంట. మా నల్లా రెండున్నర గంటలు లేటు. మిగిలింది ఎవరిది?"

కొట్టు మొత్తం గొల్లున నవ్వింది. అంతయ్య పౌలును చూశాడు, మాస్టారిని చూశాడు. ఎవరూ ఆదుకోలేదు.

"చంద్రుడు..." అన్నాడు.

"పదకొండింటికి యాభై మంది డబ్బాలు పట్టుకొని ఒస్తరు. చంద్రున్ని వండి పెట్టాల్నా?"

అంతయ్య తలొంచుకుని బెంచీ కింద చెప్పుల కోసం కాళ్లతో తడుముకున్నాడు. "నిద్ర పట్టిందక్కా. లేవలే," అని గొణిగాడు.

"గీ ఒక్క ముక్క చెప్పనీకి భూమిని మొత్తం తిప్పినవా? నడువు."