కత్తిరించని తాడు

వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ముందు వరస ఖాళీగా ఉంటే అక్కకు చిరాకు. చిరాకుగా ఉండేది, అనాలి కాబోలు. నాకింకా నోరు తిరగడం లేదు. ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ, ముఖ్యంగా ఆమె తమ్ముడికి, మరదలికి నమస్కారం. మాకు నాట్యం నేర్పిన అక్క పోయిన వారం మనల్ని వదిలి వెళ్లిపోయింది. జుట్టు నెరిసేదాకా ఆమె పక్కన ఆడినదాన్ని. కాళ్లతో చెప్పమంటే చెబుతాను గానీ, మైకు ముందు నాకు మాటలు రావు.

మిత్రులారా, మీలో చాలామంది మా ‘ఒడ్డు’ చూశారు. సముద్రం తినేస్తున్న ఇసుక గురించి అక్క కూర్చిన నాట్యం అది. కానీ అది ఎలా తయారయ్యేదో ఎంతమందికి తెలుసు? ఏటా సాధన మొదలుపెట్టే ముందు అక్క భుజాన తాడు వేసుకుని తాను పుట్టిన వీధి చివరికి వెళ్లేది. రోడ్డు గోడ నుంచి నీళ్ల దాకా ఇసుక ఎంత మిగిలిందో కొలిచేది. తగ్గినంత మేరా తాడు కత్తిరించేది. మిగిలినదాన్ని మేడ మీద మా సాధన గదిలో నేల మీద గుండ్రంగా పరిచేది. ఆ ఏడు మేమంతా అందులోనే ఆడాలి. దాటామా, అయ్యబాబోయ్! ఆ అరుపుకి కింద మెకానిక్ షాపులో సుత్తి కూడా ఆగిపోయేది. ఆ షాపువాళ్లే ఆమెకు ‘కొలతలక్క’ అని పేరు పెట్టారు.

మొదట్లో ఆ గుండ్రంలో పరుగెత్తాం. తర్వాత నడిచాం. తర్వాత ఒకరి మోచెయ్యి ఒకరి ముక్కుకు తగలడం మొదలైంది. ఓ రోజు మా జట్టులో అందరికన్నా చిన్నదానికి ముక్కు నుంచి రక్తం కారితే నాకు ఒళ్లు మండింది. ఒక్క జానెడు జరిపితే కొంపలేం మునుగుతాయక్కా అని అరిచాను. ఆమె కోప్పడలేదు. “జరగాల్సింది నేను కాదే, ఆ నీళ్లు” అంది. గోడ అవతలున్న అక్కావాళ్ల ఇల్లు అప్పటికే సముద్రం పాలైంది. ఆ సంగతి గుర్తొచ్చి నేను నాలిక కరుచుకున్నాను.

చివరికి ముగ్గురమే పట్టాం. ఆ ఏడాది ఓ పెద్ద హాల్లో మాకు బహుమతి ఇచ్చారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మనుషుల్ని తగ్గించి ఎంత పొందికగా మలిచారో అని తెగ మెచ్చుకున్నాడు. హాలంతా చప్పట్లు. అక్క రంగైనా కడుక్కోకుండా తెర వెనక పెట్టె మీద కూలబడింది. “తగ్గిపోతుంటే బాగుందంటాడేంటే?” అని ఏడ్చింది. ఈ నాట్యం చూస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారని ఆమె నమ్మకం. చూశారు. అందరూ చూశారు. ఏం జరిగింది? ఎవరైనా చెప్పండి, ఏం జరిగింది?

ఈ ఏడు ఆసుపత్రి మంచం మీది నుంచి తాడూ కత్తెరా నా చేతికిచ్చి, నువ్వు కొలుచుకు రా అంది. వెళ్లాను. అలలు గోడకే కొడుతున్నాయి. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గేదాకా ఆగాను. అప్పుడూ గోడ కింద నీళ్లే, చెంచాడు ఇసుక లేదు. ఎక్కడ కత్తిరించను? వెనక్కి వచ్చి తాడు ఆమె చేతిలో పెట్టాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది, కొత్తగా తెగిన చోటు కోసం. “కత్తెర పారేసుకున్నావా మొద్దూ?” అంది. కత్తెర తీసి ఆమె పక్కన పెట్టాను. నా మొహం చూసి తాడు చేతికి చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాట్యం మాటే ఎత్తలేదు.

నాలుగు ధైర్యం మాటలు చెప్పమని తమ్ముడు అడిగాడు. నా దగ్గర లేవు నాయనా. వెతుక్కున్నాను, లేవు.

ఇక్కడ మైకు ముందు నేల మీద గుండ్రంగా పరిచింది ఆ తాడే. అక్క కోసం అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. చోటు చాలకపోతే ఒకరికొకరు ఆనుకోండి. తాడు లోపల మాత్రం ఎవరూ కాలు పెట్టకండి. అక్కడ నేల లేదు.