డొల్ల పలకని గోడ

ఏ మిషన్ తెప్పించాలనా అమ్మాయ్ నువ్వడిగేది? ఆ స్టూలు ఇలా జరుపు, కూర్చుని చెబుతాను. ఈ మోకాళ్ళు నన్ను నిలబెట్టి మాట్లాడనిచ్చే రోజులు పోయాయి. జీవితమంతా మిషన్లు అద్దెకిచ్చిన కొట్టు కదా మనది, మెట్టెక్కిన ప్రతివాడిదీ ఇదే ప్రశ్న. "అన్నా, బాత్రూంలో పాత టైల్స్ పీకాలి, ఏది ఇస్తావ్?" అని. నేను చదువుకుంటున్న పద్యాల పుస్తకం బోర్లించి, "వేసిందెవరు?" అనేవాణ్ణి. పగలబడి నవ్వేవాళ్ళు. "వేసినవాడితో పనేంటి పెద్దాయనా, పీకేవాణ్ణి ఎదురుగా ఉన్నాగా!" అని. నవ్వరూ మరి. వాళ్ళకేం తెలుసు. ఏ మిషన్ కావాలో చెప్పేది వేసిన చెయ్యి తల్లీ. ఇక్కడ వేసింది మీ నాన్న, నా తమ్ముడు. అదీ వచ్చిన చిక్కు.

నీ మనసులో ఉన్నది నాకు తెలియక కాదు. ఆ కుళాయి చుట్టూ ఉన్న టైలు ఒక్కటీ చెక్కు చెదరకుండా నీ చేతికి రావాలి, అంతేగా? మిగతా గోడంతా ఏమైపోయినా పరవాలేదు. న్యాయమైన కోరికే. పాకడం కూడా రాని వయసులో నిన్ను వదిలి వెళ్ళిపోయినవాడు, నీకని ఏం మిగిల్చాడు గనక? పెళ్ళి ఫొటోలో కూడా పక్కకి తిరిగి ఎవరి గోడో చూస్తూ నిలబడ్డాడు మహానుభావుడు. తాపీ ఎవరు పట్టుకుపోయారో తెలియదు. వాడు పని చేసిన ఇళ్ళంటావా, ఒక్కొక్కటీ నా కళ్ళముందే పడగొట్టారు, లేకపోతే లోపల గీకేసి కొత్తవి అంటించారు. ఇదే ఆఖరిది. సరిగ్గా ఆ కుళాయి వెనకే గొట్టం తుప్పుపట్టి, అవతల పడగ్గది గోడ చెమ్మెక్కిపోయింది. ప్లంబరు వచ్చి "అమ్మా, ముందు ఇక్కడే కొట్టాలి" అని వేలు పెట్టి చూపించాడట కదా. చూపించడానికి ఊరంత గోడ ఉంటే, వాడి వేలు సరిగ్గా అక్కడే పడాలా!

ఆఁ, ఉండు, కంగారు పడకు, ఆ టైలు తట్టి చూస్తాను. చూస్తానన్నానుగా. అదెక్కడికి పోతుంది.

తట్టడమంటే గుర్తొచ్చింది. మీ నాన్నని బయట ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. తట్టుడు మేస్త్రి అనేవాళ్ళు. టైలు పెట్టడం, వేలి కణుపుతో టక్ మని తట్టడం, చెవి గోడకి ఆనించడం. నిండుగా పలికిందా, ముందుకి పోతాడు. ఎక్కడో ఓ మూల కాస్త డొల్ల పలికిందా, ఇక అంతే, తాపీ దూర్చి ఊడదీసి, సిమెంటు మాలు మళ్ళీ నింపి, మొదట్నుంచీ. పద్యంలో యతి తప్పితే నా చెవికి ఎలా గుచ్చుకుంటుందో, వాడికి డొల్ల అలా గుచ్చుకునేది. ఒక ఇంటావిడ అడగనే అడిగింది, "ఏమయ్యా, పని చేస్తున్నావా, గోడకి రోగం చూస్తున్నావా?" అని. "ఇది నాతో అబద్ధమాడుతోందేమో కనుక్కుంటున్నానండీ" అన్నాడు. ఆ తట్టే జబ్బు ఇంట్లోనూ వదల్లేదు. ఉయ్యాల్లో పడుకోబెట్టిన నీ బొజ్జ మీద రెండు వేళ్ళతో తట్టి, "ఏమే, ఇక్కడొకటి డొల్ల పలుకుతోంది, తొందరగా పాలు పట్టు!" అని మీ అమ్మని కేకేసేవాడు. మీ అమ్మ తిట్టేది, నవ్వేది. నువ్వు మాత్రం కాళ్ళు తన్నుకుంటూ ఇంకోసారి తట్టమన్నట్టు చూసేదానివి.

మిషన్ల సంగతికొస్తే, బ్రేకర్ అని ఒకటి ఉంది, కాంక్రీటు పగలగొట్టేది, అది దీనికి వద్దు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. టైలుతోపాటు ఇటుకా రాలుతుంది, అవతల నీ మంచం మీద పడుతుంది. ఈమధ్య సన్నంగా వణికే మిషన్ ఒకటి వచ్చింది, చిన్న బ్లేడు, టైలుకీ టైలుకీ మధ్య సందులో పెడితే ఆ సందు సిమెంటుని మాత్రం తొలిచేస్తుంది. భలే సాధనం, దండం పెట్టొచ్చు. కానీ సందేదీ? చూడు, నీ గోరు పెట్టు. దిగిందా? దిగదు. "సందు వదిలితే మురికి చేరుతుంది అన్నయ్యా" అనేవాడు. ఇక మిగిలింది కటింగ్ మిషన్. అంచుల వెంట చుట్టూ కోస్తే... వద్దు. అది ఈ గుమ్మం దాటి లోపలికి రాదు. నేను బతికుండగా రాదు.

ఎందుకంటే ఏం చెప్పను. గ్రానైటు రోజులొచ్చాయి, అందరికీ నల్లరాయి కావాలి, మీ నాన్న చేతికి ఆ మిషన్ వచ్చింది. తలుపులు మూసిన చిన్న గదుల్లో, నీళ్ళు పొయ్యకుండా, పొడి రాయి కోసేవాడు. నీళ్ళు పోస్తే గీసిన గీత చెరిగిపోతుందిట, కోత వంకర పోతుందిట! ముక్కుకో తువ్వాలు చుట్టుకునేవాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద పిండి రాలినట్టు దుమ్ము. మొదట దగ్గన్నారు. తర్వాత ఆయాసమన్నారు. ఆఖరికి పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన చొక్కా విప్పమని, వీపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేతి వేలితో తట్టాడమ్మాయ్. ఇక్కడ తట్టాడు, అక్కడ తట్టాడు, కిందికి జరిగి మళ్ళీ తట్టాడు. మీ నాన్న తల పక్కకి వంచి వింటున్నాడు. నాకు భయం వేసింది వాడు వినే తీరు చూసి. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అన్నాడు, "అన్నయ్యా, ఆయన నోటితో ఏం చెప్పాడో నాకొద్దు. నేను విన్నాను. నిండుగా పలికింది. గోడకైతే ఇంత మంచి మాట లేదు."

ఊపిరితిత్తి డొల్ల పలకాలిట తల్లీ. వీడిది గోడలా పలికింది.

మంచినీళ్ళా? వద్దులే. ఏం చెబుతున్నాను? ఆఁ, ఈ స్నానాలగది. లోకంలో అందరి గోడలకీ వేసినవాడు సొంతింట్లో వట్టి సిమెంటు గోడతో నెట్టుకొచ్చాడు. ఆ మెట్ల మీంచి లేచి వచ్చాక మొదలుపెట్టాడు ఇది. ఇదిగో నేను కూర్చున్నట్టే స్టూలు మీద కూర్చుని, నాలుగు టైల్స్ వేస్తే చాలు, గోడకి నుదురానించి ఆయాసం తీర్చుకునేవాడు. "ఎవరైనా మేస్త్రిని పిలుద్దాంరా" అన్నాను. "పిలువు, వాడు వేసింది నేను మళ్ళీ ఊడదీసి వెయ్యాలి, రెండు పనులు" అన్నాడు. కుళాయి దగ్గరికొచ్చేసరికి టైలుకి గుండ్రంగా కన్నం కావాలి. మిషన్ మీ అమ్మ దాచేసింది. పటకారుతో, బియ్యపుగింజంత ముక్క చొప్పున కొరుకుతూ కూర్చున్నాడు. ఒకటి విరిగింది. ఇంకోటి విరిగింది. నిన్ను ఒళ్ళో వేసుకుని మీ అమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. చివరికి వచ్చింది చూడు, వడ్డాణం పెట్టినట్టు గొట్టం చుట్టూ సరిగ్గా కూర్చుంది. తట్టాడు. నవ్వాడు. ఇక లేచి పని పట్టుకోలేదు.

అయిదు ముద్దల మేస్త్రి అని ఒకడుండేవాడు, మీ నాన్న తోటివాడే. టైలు వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి, గోడకి అతికించి బీడీ ముట్టించేవాడు. లోపలంతా గాలే. మనిషి కూడా అంతే, ఎవరికీ గట్టిగా అంటుకోలేదు, ముగ్గురు యజమానుల దగ్గర చీవాట్లు తిన్నాడు. అలాంటివాడు వేసినవి ఇప్పుడు పీకితే ఎలా వస్తాయో తెలుసా? ఉలి అంచు పెట్టి సుతారంగా మీటితే చాలు, అప్పడంలా చేతిలోకి వచ్చేస్తాయి. ఎన్ని ఇళ్ళవాళ్ళు వాటిని తీసి మేడ మీద మళ్ళీ పరుచుకున్నారో. వాడి పని బతికి ఉంది. మీ నాన్నవి, నా కొట్లో మిషన్లు తీసుకెళ్ళి కొట్టినవాళ్ళందరూ చెప్పిన మాట ఒక్కటే, "అన్నా, ఒక్కటి ముక్కవ్వకుండా రాలేదు. ఎవడేశాడో గానీ రాక్షసుడు." వాడు నా తమ్ముడని చెప్పేవాణ్ణి కాదు. మిషన్ తుడిచి లోపల పెట్టుకునేవాణ్ణి.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు. ఇది గోటితో పోదు, గొడ్డలితో మిగలదు.

సరే, లే. చెయ్యి పట్టుకో. ఇంతసేపూ నేనెందుకు తట్టలేదో నీకు తెలుసు, అడక్కు. ఆయాసంతో వేశాడు కదా, చెయ్యి వణికింది కదా, ఒక్కచోటైనా మాలు అందక గాలి మిగిలి ఉండదా? ఒక్క మూలైనా? ఆ కుళాయి కట్టు, చుక్కలు పడుతుంటే వినపడి చావదు. ఈ పక్కది... నిండు. పైది... ఇదీ నిండే. ఇప్పుడిది. తమ్ముడూ, ఒక్కసారి, ఒక్కసారి పని చెడగొట్టి ఉండరా నాయనా.

...

కింది మూల కూడా నిండే.

చిన్న హ్యామర్ మిషన్ చాలమ్మాయ్. వెడల్పు ఉలి పెట్టించు, తిప్పడం ఆపి కొట్టడం ఒక్కటే ఉంచమను, గోడకి వాలుగా పట్టుకోమను. నీళ్ళు చల్లుతూ ఉండమను, దుమ్ము లేవకూడదు. ముక్కుకి తువ్వాలు కాదు, మాస్కే. నువ్వు పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళు ఆ పూట. ఆ అద్దం తీసి పెట్టావా? తియ్యి, అదిరితే పగులుతుంది.