మా జెవాన్ పడగొట్టినవాళ్లు డెబ్భై ఒక్కమంది

"కత్తెర కాసేపు ఆపవయ్యా ఓటిస్, మా జెవాన్ సంగతి చెప్తున్నా. పక్క కుర్చీలో మొహం మీద వేడి తువ్వాలేసుకుని పడుకున్న పెద్దమనిషీ, తమరూ వినండి. నిరుడు నవంబరు, మన కాలేజీ మైదానంలో ఆఖరి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. మా అక్క కొడుకు లైన్‌బ్యాకర్. బంతి పట్టుకొచ్చేవాణ్ణి పడగొట్టడమే వాడి పని. మొదటి క్వార్టర్లోనే తొమ్మిదిమందిని పడగొట్టాడు! మైదానం పైన గదిలో కూచుని ఈ పడగొట్టుళ్ల, అదే ట్యాకిళ్ల లెక్క రాసేది ఎవరు? ఇరవై రెండేళ్లుగా నేనే!"

"అదేగా మా భయం, క్లియోఫస్ అన్నా," అన్నాడు బార్బర్ ఓటిస్.

"నోర్ముయ్. రెండో క్వార్టర్లో వాన. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. మావాడు కళ్లు మూసుకుని, అడుగుల చప్పుడు విని పడగొట్టాడు. నలభై! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతలి కుర్రాళ్లు బంతి వాళ్ల కోచ్ చేతిలో పెట్టి, మీరే పరిగెత్తండి సార్ అన్నారు. ఆయన్నీ పడేశాడు. నలభై ఒకటి!"

"కోచ్‌ని కూడా రాశావా?"

"బంతి చేతిలో ఉందా లేదా? అసలు కథ ఇప్పుడే. వాళ్ల జట్టంతా బస్సెక్కి పారిపోతోంది. మావాడు అడ్డంపోయి భుజం ఆనించాడు. బస్సు ఒరిగిపోయింది! లోపల ముప్ఫై ఒక్కమంది. డ్రైవరు ఆటగాడు కాదుగా, అతన్ని తీసేశా. న్యాయం న్యాయమే. మొత్తం డెబ్భై ఒకటి! ఆ కాగితం ప్రొఫెషనల్ జట్లన్నిటికీ నేనే పంపా. వచ్చే గురువారమే ఆ జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది. ఆ రోజుకని మా అక్క కొత్త టోపీ కూడా కొనుక్కుంది. అయినా మావాణ్ణి చూడ్డానికి ఒక్కడూ రాలేదు. ఎందుకంటావ్? దడుపు!"

తువ్వాలు కింద నుంచి గొంతు వచ్చింది. "ఆ మ్యాచ్‌లో అవతలివాళ్లకి బంతితో ముందుకెళ్లే అవకాశం వచ్చిందే యాభై ఎనిమిదిసార్లు, పెద్దాయనా."

"తమరికెలా తెలుసు?"

ఆయన తువ్వాలు తీశాడు. "ప్రొఫెషనల్ జట్టుకి ఆటగాళ్లని వెతికిపెట్టడం నా ఉద్యోగం. మీ కాగితం చూసి మావాళ్లంతా నవ్వి అవతల పడేశారు. మొన్న ఊసుపోక ఆ మ్యాచ్ వీడియో పెట్టా. మీవాడు పడగొట్టింది పద్నాలుగుమందిని. అందులో ఒక్కటీ అప్పనంగా వచ్చింది కాదు. ఆ పద్నాలుగే రాసుంటే జనవరిలోనే వచ్చేవాణ్ణి."

క్లియోఫస్ వేళ్ల మీద పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆగాడు. ఆ షాపులో ఆయన లెక్క అంత తక్కువలో ఆగడం అదే మొదలు. అక్క కొడుకు నోటి దగ్గర కూడు తనే లాగేయబోయాడని తెలిసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పద్నాలుగు సరిపోతాయా బాబూ?" అన్నాడు మెల్లగా.

"బోలెడు. సాయంత్రం వాడితో మాట్లాడతా."

క్లియోఫస్ ఒక్క ఉదుటున లేచి, సగం కత్తిరించిన తలతోనే వీధిలోకి పరిగెత్తాడు. ఎదురింటి వరండాలో చిక్కుళ్లు ఒలుస్తున్న అక్కని చూసి కేకేశాడు. "అక్కా! జెవాన్ కోసం పన్నెండు జట్లవాళ్లు దిగారే!"

ఆ పెద్దమనిషి చేతిలో తువ్వాలుతోనే గుమ్మంలోకి వచ్చి అరిచాడు.

"ఒక్కణ్ణేనమ్మా!"