గురువమ్మ పడవ, పార్ట్ టూ

ముందే ఒప్పుకుంటున్నాను: ఆ సినిమాకి నేనూ పనిచేశాను. మా నాన్న నరసన్నకి ఆ సంగతి చెప్పకుండానే టికెట్లు తీశాను. మాది గంజాం, చేపల వేట మీద బతికిన ఇల్లు. బరంపురంలో మ్యాట్నీ వదిలాక, హాలు బయట టీ బండి దగ్గర మేమిద్దరం:

“...మొదటి పార్టు ఇలగ నేదు కదే వాసవీ. అందులో ఈరో కొడితే పడినోడు లెగడానికి టయిం పట్టీది. ఇందులో పడ్డమే నేదు. అందరూ గాల్లోనే.”

“అయిదొందల కోట్లు నాన్నా. సగం గాలికే అయ్యుంటాది.”

“ఆ సముద్రం ఏటే? గాలి ఇటుంటే అల అటు పోతన్నాది. నురుగు సూస్తే సబ్బునీళ్ళు.”

“టీ తాగు.”

“తాగుతాను గానీ, మన పడవ ఎక్కడొచ్చింది?”

“బిస్కట్ తింటావా?”

“ఒలే, పడవ! సివరి ఫైటింగులో కాలుస్తాం, నీ పెళ్ళాం పేరు తెర మీద ఇంతేసి అచ్చరాల్తో కనబడతాది అనీసే కదా షూటింగోళ్ళు అడిగినారు? అందుకే కదా ఇచ్చీసినాను? గురువమ్మ అని నా సేత్తో రాసినాను. రెప్పెయ్యకుండా సూసినాను. కనబడ్నేదు.”

“సీన్లు మార్సేస్తారు నాన్నా.”

“నిద్దర గానీ పోయినానేటి?”

“హాల్లో నిద్దరపోనోడివి నువ్వొక్కడివే.”

“అయితే రేపు మళ్ళీ సూద్దుము. ఎలాగూ కాసమ్మత్తా, మన ఈదంతా ఆటోలు కట్టించుకుని ఒస్తన్నారు, గురువమ్మని సూడ్డానికి.”

“ఒద్దని సెప్పు.”

“ఏటి?”

“ఫోన్ సేసి రావొద్దని సెప్పు. పడవ నేదు అందులో. సివర్న కాలిపోయిన పెద్ద ఓడ ఉంది సూడు...”

“ఆ ఇనప ఓడా?”

“పడవ సోట్లో అది పెట్టినారు. పడవైతే మరీ సిన్నగా ఉంది, పార్ట్ టూ లాగ నేదు అన్నాడట డైరెక్టరు.”

“నీకెలాగ తెల్సు?”

“టీ సల్లారిపోతన్నాది.”

“వాసవీ. నీకెలాగ తెల్సు?”

“హైదరాబాద్‌లో మా గ్రాఫిక్స్ ఆఫీసుకే ఒచ్చింది ఆ షాటు. పడవ తీసీమని నాకే ఇచ్చినారు. తీసీసినాను.”

“మీ అమ్మ పేరు?”

“దాంతోపాటే.”

“సెయ్యెలాగ ఆడిందే?”

“మౌస్‌తో. మూడ్రోజులు. ముందు ‘గు’ పోయింది.”

“ఎటకారమా?”

“కాదు. నేను తియ్యనంటే పక్కసీటోడు తీస్తాడు. నేనైతే మెల్లగా తీస్తానని...”

“నోర్ముయ్.”

“సరే.”

“...పోన్లే. నువ్వు బొమ్మని తుడిసినావు. అసలు పడవ నిప్పులోనే పోయింది. మీ అమ్మకి కొరివి పెట్టినట్టే పెట్టినారు. సూడ్లేక నేనింటికి ఒచ్చీసినాను. నువ్వు సూసుంటావు కదా, ఆ కంప్యూటర్లో? పేరు ముందు కాలిందా, ఆకర్న కాలిందా?”

“అడక్కు నాన్నా.”

“సెప్పే. కాసమ్మకి అదైనా సెప్పుకుంటాను.”

“పడవకి నిప్పెట్టనేదు. మంట కూడా కంప్యూటర్లోనే పెడతాం.”

“మరి పడవేదే? మర్నాడు ఎల్లి సూసినాను, ఒడ్డున నేదు.”

“కెమెరా తీసిందంతా మాకొస్తాది. ఆపడం మర్సిపోయిన ముక్కలు కూడా.”

“అయితే?”

“ఆ సాయంత్రం షూటింగోళ్ళు ఊరందరికీ బిర్యానీ పెట్టినారు కదా, నువ్వు రెండుసార్లు ఏయించుకున్నావు. పొయ్యిలోకి అన్ని కర్రలు ఎక్కడివనుకున్నావు నాన్నా?”