వర్గమూలం పైనా, కిందా?

ఘానాలోని కుమాసీలో హాస్టల్ వరండా. అక్కడ కూర్చున్న అమ్మాయికి రేపు రెండోసారి ఫిజిక్స్ పరీక్ష. ఈసారి కూడా తప్పితే కోర్సు వదిలి ఇంటికి పోవాల్సిందే. రూమ్మేటు పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన వేడి కెంకే పొట్లం విప్పి ముందు పెట్టి, కారం గిన్నె తన పక్కన పెట్టుకుంది.

“ముందు తినవే. ఆ సాపేక్షత సూత్రం నమిలేసి, రేపు కాగితం మీద కక్కేస్తే సరి. ఇక్కడ అందరం చేసేది అదేగా?”

“పోయినేడు అలాగే నమిలాను. కక్కేటప్పుడు కిందుండాల్సిన వర్గమూలాన్ని పైన పెట్టాను. పరుగెత్తే గడియారం నెమ్మదించడం పోయి, ఇంకా వేగంగా తిరుగుతుందని రాసొచ్చానే!”

“మా పరువు తీశావు. మరిప్పుడు?”

“ట్రోట్రో వ్యాను పోతోందనుకో. లోపల నేల నుంచి కప్పుకి వెలుగు పోతుంది. వ్యానులో కూర్చున్న నీకు అది నిట్టనిలువుగా కనిపిస్తుంది.”

“రోడ్డు మీద నిలబడ్డ నీకు?”

“ఏటవాలుగా. వ్యాను కదిలిందిగా! దారి పొడవైంది. వెలుగు వేగం మాత్రం ఇద్దరికీ ఒకటే.”

“అయితే నీ లెక్కలో ఎక్కువసేపు పట్టాలి.”

“అదీ! నిలువు, అడ్డం, ఏటవాలు. లంబకోణ త్రిభుజమే, బళ్లో చేసిన లెక్కే.”

ఆమె సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ గీసి, దాని కింద లెక్క దించుకుంటూ పోయింది. కెంకే చల్లారిపోయింది.

“ఇంతకీ మూలం పైనా, కిందా?”

“కిందే. ఒకటి కంటే చిన్నదానితో భాగిస్తేనే కదా కాలం పెరిగేది.”

“రేపు కంగారులో మర్చిపోతే?”

ఆమె గీసిందంతా కాలితో చెరిపేసింది.

“మర్చిపోతే మళ్లీ నిన్ను ట్రోట్రో ఎక్కిస్తాను. ఇక ఆ కారం ఇటు తే.”